రావి నారాయణరెడ్డి

రావి నారాయణరెడ్డి (1908–1991) తెలంగాణ రైతాంగ సాయుధ పోరాట నాయకుడు, ఆంధ్ర మహాసభ అధ్యక్షుడు, శాసనసభ్యుడు, లోక్‌సభ సభ్యుడు. నల్లగొండ జిల్లా భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో భూస్వామి ఇంట పుట్టి, భూస్వామ్యం మీదనే పోరు సాగించారు. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి 3,09,162 ఓట్లతో గెలిచారు. ఆ ఎన్నికల్లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చిన ఓట్ల కంటే ఇవి ఎక్కువ. భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం 1992లో పద్మవిభూషణ్ ప్రకటించింది.

గాంధీ మార్గంలో హరిజన సేవతో మొదలై, స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం, ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టు పార్టీ, సాయుధ పోరాటం మీదుగా ఆయన ప్రజాజీవితం చట్టసభలకు చేరింది. ఓటు అంటే ఏమిటో తెలియని పల్లెల్లో ఊరూరా సంఘం కట్టి, పదేళ్ల తర్వాత అదే పల్లెల ఓటుతో పార్లమెంటుకు వెళ్లిన మనిషిగా చరిత్రలో ఆయన స్థానం ప్రత్యేకమైనది.

ప్రాంతం, పరిపాలన

నల్లగొండ, భువనగిరి పట్టణాల నడుమ చిట్యాల, రామన్నపేట, వలిగొండ పరిసరాలన్నీ మెట్ట నేలలు. ఉత్తరంగా మూసీ పారుతుంది. మిగిలిన చోట్ల వానలు, చెరువులు, బావులే ఆధారం. జొన్న, ఆముదం ఇక్కడి పాత పంటలు. నారాయణరెడ్డి స్వగ్రామం బొల్లేపల్లి ఈ మెట్ట సీమలోనిదే. ఆయన పుట్టేనాటికి ఇదంతా నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో నల్లగొండ జిల్లా. అప్పటి జిల్లాలో భువనగిరి, జనగామ, సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ, దేవరకొండ తాలూకాలు కూడా కలిసి ఉండేవి.

భూమి కొద్దిమంది చేతుల్లో ఉండేది. దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు, జాగీర్దార్లు, మక్తేదార్లు ఊళ్ల మీద పెత్తనం చేసేవారు. విసునూరు, ఎర్రపహాడ్ దేశ్‌ముఖుల పేర్లు జిల్లా అంతటా భయం పుట్టించేవి. పటేల్, పట్వారీలు లెక్కలను తమ గుప్పిట్లో పెట్టుకునేవారు. వెట్టి చాకిరి దాదాపు ప్రతి వృత్తినీ పట్టి పీడించింది. మాదిగలు చెప్పులు కుట్టి, మోట బొక్కెనలు చేసి ఇవ్వాలి. కుమ్మరి కుండలు, చాకలి చాకిరి, గౌండ్ల కల్లు దొరకు ఊరికే చేరాలి. గ్రామానికి అధికారి వస్తే కోళ్లు, మేకలు, పాలు సమకూర్చడం ఊరి వంతు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లెవీ ధాన్యం వసూళ్లు దీనికి తోడయ్యాయి. లెవీ భారం చిన్న రైతుల మీద పడితే, పెద్ద దొరల గాదెల జోలికి ఎవరూ పోయేవారు కాదు.

ఈ పరిస్థితిని అడిగే వేదిక సంస్థానంలో లేదు. హైదరాబాదులో 1893లో శాసన మండలి ఏర్పడింది గాని, అందులో ఎక్కువమంది అధికారులే. జాగీర్దార్లకు, హైకోర్టు వకీళ్లకు మాత్రం కొద్ది స్థానాలు దక్కేవి. అదే కాలంలో మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లో ఆస్తిపరులకు 1920 నాటికే ఓటు వచ్చింది. 1937లో అక్కడ కాంగ్రెసు మంత్రివర్గం కూడా ఏర్పడింది. నల్లగొండ రైతుకు అలాంటి అవకాశమే లేదు. ప్రజల ఒత్తిడి మీద నిజాం ప్రభుత్వం 1939లో కొన్ని రాజ్యాంగ సంస్కరణలు ప్రకటించింది. 85 మంది సభ్యుల సభలో 42 మందిని ఎన్నుకోవచ్చని అందులో ఉంది. ఆ ఎన్నిక కూడా ఊళ్ల వారీగా జరిగేది కాదు, వృత్తుల వారీగా, ప్రయోజనాల వారీగా జరిగేది. ఈ సంస్కరణల కింద 1946లో జరిపిన ఎన్నికలను స్టేట్ కాంగ్రెస్ బహిష్కరించింది.

సభ పెట్టుకోవడమే కష్టంగా ఉండేది. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం ముందుగా అనుమతి లేకుండా సభలు జరపకూడదు. చదువు, కోర్టు, కచేరీ అన్నీ ఉర్దూలో నడిచేవి. ప్రజాప్రతినిధి అనే మాటకు ఇక్కడ చట్టసభలో అర్థం దొరకలేదు. ముందుగా అది సంఘంలో ఏర్పడింది, తర్వాత చట్టసభకు చేరింది. నారాయణరెడ్డి జీవితాన్ని ఈ వరుసలో చూస్తేనే దాని తీరు బోధపడుతుంది.

బాల్యం, తొలి అడుగులు

నారాయణరెడ్డి 1908 జూన్‌లో జన్మించారు. కుటుంబం భూవసతి గలది. పై చదువులకు హైదరాబాదు వెళ్లారు. అప్పటి హైదరాబాదులో తెలుగువారి మేలుకొలుపు మొదలైన రోజులవి. 1921లో నగరంలో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు నడిపించిన గ్రంథాలయోద్యమం, 1926లో సురవరం ప్రతాపరెడ్డి ప్రారంభించిన గోలకొండ పత్రిక, రాజా బహదూర్ వెంకటరామారెడ్డి నెలకొల్పిన రెడ్డి హాస్టల్ పల్లెల నుంచి వచ్చిన యువకులకు ఆసరా అయ్యాయి.

1930లో ఉప్పు సత్యాగ్రహం దేశాన్ని ఊపేసింది. సంస్థానంలో ఆ ఉద్యమం సాగే వీలు లేదు. నారాయణరెడ్డి చదువు విడిచిపెట్టి కాకినాడ వెళ్లి సత్యాగ్రహంలో పాల్గొన్నారు. తిరిగి వచ్చాక హరిజన సేవక సంఘం హైదరాబాదు శాఖకు కార్యదర్శిగా పనిచేశారు. దళిత పిల్లల కోసం బడులు, వసతి గృహాలు నడపడం, అంటరానితనానికి వ్యతిరేకంగా ఊళ్లు తిరగడం ఆ రోజుల్లో ఆయన పని. దొరల ఇంటి కుర్రవాడు మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో తిరగడం నాటి పెద్దలకు మింగుడుపడని సంగతి. తర్వాతి కాలంలో నల్లగొండ పల్లెల్లో ఆయన మాటకు విలువ దక్కడానికి ఈ పరిచయం పునాది అయింది. వెట్టికి తొలి బలి ఎవరో ఆయన ఆ పల్లెల్లోనే చూశారు.

స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం

1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ ఏర్పాటుకు సన్నాహాలు జరుగుతుండగానే నిజాం ప్రభుత్వం దానిని నిషేధించింది. నిషేధాన్ని ధిక్కరిస్తూ అక్టోబరు 24న సత్యాగ్రహం మొదలైంది. గోవిందరావు నానల్ నాయకత్వంలో అరెస్టయిన తొలి జట్టులో నారాయణరెడ్డి ఒకరు. మరాఠీ, తెలుగు ప్రాంతాల కార్యకర్తలు కలిసి జైలుకు వెళ్లిన ఘట్టం అది. అదే సమయంలో ఆర్యసమాజం, హిందూ మహాసభ కూడా వేరుగా సత్యాగ్రహం నడిపాయి. స్టేట్ కాంగ్రెస్ పోరాటం మతోద్యమంగా కనబడుతుందన్న ఆందోళన వచ్చి, గాంధీజీ సలహాపై డిసెంబరు 24న దానిని నిలిపివేశారు.

ఊపు మీదున్న ఉద్యమం ఇలా అర్ధంతరంగా ఆగడం యువ కార్యకర్తలను నిరాశపరచింది. హైదరాబాదులో కామ్రేడ్స్ అసోసియేషన్, తెలంగాణ పల్లెల్లో ఆంధ్ర మహాసభ యువకులు ఆ తర్వాత వామపక్షం వైపు మొగ్గారు. 1939–40 నాటికి సంస్థానంలో కమ్యూనిస్టు పార్టీ రూపుదిద్దుకుంది. నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, ఆరుట్ల రామచంద్రారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ వంటి వారు ఆ తరం నాయకులు.

ఆంధ్ర మహాసభ అధ్యక్షుడు

ఆంధ్ర జనసంఘం నుంచి ఎదిగిన ఆంధ్ర మహాసభ తొలి సమావేశం 1930లో మెదకు జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. తర్వాత దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు, ఖమ్మంలో పులిజాల వెంకటరంగారావు, సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు, షాద్‌నగర్‌లో కొండా వెంకటరంగారెడ్డి, నిజామాబాదులో మందుముల నరసింగరావు అధ్యక్షత వహించారు. తొలి సభల్లో తీర్మానాలు చాలావరకు తెలుగు బడులు, గ్రంథాలయాలు, స్త్రీవిద్య, వర్తకుల ఇబ్బందుల వంటి విషయాల మీద ఉండేవి. వినతిపత్రం రాసి ప్రభుత్వానికి పంపడం నాటి పద్ధతి.

1941లో హుజూర్‌నగర్ తాలూకా చిలుకూరులో జరిగిన ఎనిమిదో మహాసభకు నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యారు. అప్పటికి ఆయనకు 33 ఏళ్లు. వెట్టి చాకిరి రద్దు, కౌలుదారుల హక్కులు, భూమి నుంచి బేదఖలు (తొలగింపు) ఆపడం వంటి రైతు సమస్యలు మహాసభ ముందు వరుసలోకి వచ్చాయి. మితవాదులకు, అతివాదులకు దూరం పెరిగింది. 1943లో హైదరాబాదు మహాసభలో అధ్యక్ష పదవికి పోటీ జరిగింది. కొండా వెంకటరంగారెడ్డి గెలిచారు, బద్దం ఎల్లారెడ్డి ఓడిపోయారు.

1944లో భువనగిరిలో జరిగిన పదకొండో మహాసభ చరిత్రను మలుపు తిప్పింది. నారాయణరెడ్డి రెండోసారి అధ్యక్షుడయ్యారు. మితవాద వర్గం విడిపోయి వేరు సభలు జరుపుకుంది. సభ్యత్వ రుసుమును ఒక అణాకు తగ్గించాలని భువనగిరి సభ నిర్ణయించింది. చిన్నదిగా కనిపించే ఈ మార్పు మహాసభ స్వరూపాన్నే మార్చింది. అంతవరకు వకీళ్లు, వర్తకులు, భూవసతి గలవారు కూర్చున్న చోటికి కౌలుదారు, కూలీ, చేతివృత్తివాడు వచ్చి చేరారు. సభ్యత్వ చీటీ ఇచ్చే సంఘం కనుక జనం దీన్ని ‘చీటీల సంఘం’ అన్నారు. దొరల గూండాలను ఎదుర్కొనేందుకు కర్రలు పట్టిన వాళ్లు కనుక ‘గుత్పల సంఘం’ అనీ అన్నారు. ఊళ్లో మాత్రం సంఘం అంటే చాలు, ఆంధ్ర మహాసభే.

1945లో ఖమ్మంలో పన్నెండో మహాసభకు కూడా నారాయణరెడ్డే అధ్యక్షత వహించారు. మూడుసార్లు ఆ పదవి చేపట్టింది ఆయన ఒక్కరే. ఆ రెండేళ్లలో నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో సంఘం ఊరూరికీ పాకింది. వెట్టి చేయబోమని, లెవీ ఇవ్వబోమని, బేదఖలు చేస్తే భూమి విడవబోమని పల్లెలు తీర్మానించుకున్నాయి.

సాయుధ పోరాటం

1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయారు. సంఘం ఊరేగింపు మీద జరిగిన ఆ కాల్పులు పోరాటానికి నాంది పలికాయి. ప్రభుత్వం పోలీసులను, సైన్యాన్ని దింపింది, పార్టీని నిషేధించింది. నాయకులు అజ్ఞాతంలోకి వెళ్లారు.

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం భారత యూనియన్‌లో చేరలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు అనే నిజాం అనుకూల సాయుధ దళాలు పల్లెల మీద పడ్డాయి. సెప్టెంబరు 11న నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. గ్రామ రక్షక దళాలు, గెరిల్లా దళాలు ఏర్పడ్డాయి. పన్నులు ఆగిపోయాయి, పట్వారీల లెక్కల పుస్తకాలు తగలబడ్డాయి. సుమారు 3,000 గ్రామాల్లో గ్రామ రాజ్యాలు నడిచాయనీ, 10 లక్షల ఎకరాలు పేదలకు పంచామనీ పార్టీ లెక్క. పోరాటంలో సుమారు 4,000 మంది ప్రాణాలు కోల్పోయారని కూడా పార్టీ చెబుతుంది.

చిట్యాల పరిసరాలు 1947–48 నాటి హింసను నేరుగా చవిచూశాయి. ప్రస్తుతం చిట్యాల మండలంలో ఉన్న గుండ్రాంపల్లి రజాకార్ల దాడులకు బలైన గ్రామాల్లో ముఖ్యమైనది. అక్కడి మృతుల స్మృతికి స్తూపం ఉంది. ఏటా సెప్టెంబరు 17న ఈ ఊరి పేరు తెలంగాణ అంతటా వినిపిస్తుంది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. అక్కడితో ఒక ప్రశ్న మిగిలింది. నిజాం పోయాక తుపాకీ ఎవరి మీద? దొరలు ఊళ్లకు తిరిగివస్తున్నారు, పంచిన భూములు లాక్కుంటున్నారు గనుక పోరాటం సాగాలని పార్టీలో అధిక సంఖ్యాకులు అన్నారు. నారాయణరెడ్డి దానితో ఏకీభవించలేదు.

నగ్న సత్యాలు

భారత సైన్యంతో యుద్ధం చేయడం రైతులకు నష్టమేననీ, జనం నిజాం పతనాన్ని స్వాగతించారనీ, కొత్త పరిస్థితిలో పోరాట రూపం మారాలనీ ఆయన వాదించారు. దళాలు అడవుల్లోకి నెట్టివేయబడిన కొద్దీ పల్లెతో తెగతెంపులవుతున్నాయని ఆయన అభిప్రాయం. ‘తెలంగాణ నగ్న సత్యాలు’ పేరుతో 1950లో ఈ విమర్శను రాతపూర్వకంగా బయటపెట్టారు. పోరాటాన్ని మొదలుపెట్టిన ముగ్గురిలో ఒకరు దాన్ని ఆపమనడం ఉద్యమంలో పెద్ద కలకలం రేపింది. కొందరు సహచరులు దీన్ని వెన్నుపోటుగా చూశారు. మరికొందరు, ముఖ్యంగా బయట ఉన్న సానుభూతిపరులు, వాస్తవాన్ని గుర్తించిన ధైర్యంగా చూశారు.

పార్టీ కేంద్ర నాయకత్వం చివరికి 1951 అక్టోబరు 21న పోరాటాన్ని విరమించింది. విరమణకు నారాయణరెడ్డి రచన ఒక్కటే కారణం కాదు. జైళ్లు నిండిపోవడం, నష్టాలు, సోవియట్ నాయకత్వంతో భారత కమ్యూనిస్టుల సంప్రదింపులు, ముంచుకొస్తున్న సార్వత్రిక ఎన్నికలు అన్నీ కలిశాయి. అయితే ఆయన ముందుగా చెప్పిన దారికే పార్టీ వచ్చి చేరింది. ఈ చర్చ ఇప్పటికీ ముగియలేదు. పోరాటం సాగి ఉంటే భూమి దక్కేదని నమ్మేవారు ఉన్నారు, ఇంకా ముందే ఆపి ఉంటే ప్రాణాలు మిగిలేవని నమ్మేవారూ ఉన్నారు.

ఇదే నల్లగొండ జిల్లాలో, విరమణకు ఆరు నెలల ముందు 1951 ఏప్రిల్ 18న పోచంపల్లికి వచ్చిన వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. తుపాకీ, దానం, చట్టం అనే మూడు దారులూ భూమి సమస్య చుట్టూ ఒకే మెట్ట సీమలో, ఒకే కాలంలో ఎదురుపడ్డాయి.

1952 ఎన్నికలు

తొలి సార్వత్రిక ఎన్నికల నాటికి హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. కనుక కమ్యూనిస్టులు, వారి మిత్రులు ప్రజాస్వామ్య వేదిక (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో పోటీ చేశారు. జనం నోట ఇది పీడీఎఫ్. సరోజినీ నాయుడు కుమారుడు డాక్టర్ ఎన్.ఎం. జయసూర్య దాని ప్రముఖ నాయకుల్లో ఒకరు. చాలామంది కార్యకర్తలు అప్పటికింకా జైళ్లలో ఉన్నారు.

నారాయణరెడ్డి రెండు చోట్ల నిలబడ్డారు. భువనగిరి నుంచి శాసనసభకు, నల్లగొండ నుంచి లోక్‌సభకు. రెండింటా గెలిచి, లోక్‌సభను ఎంచుకున్నారు. నల్లగొండ అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక స్థానం షెడ్యూల్డు కులాలకు కేటాయించినది. ఆ స్థానంలో పీడీఎఫ్ అభ్యర్థి సుంకం అచ్చాలు గెలిచారు. నారాయణరెడ్డికి పడిన ఓట్లు 3,09,162. అలహాబాదు తూర్పు, జౌన్‌పూర్ పడమర నియోజకవర్గంలో నెహ్రూకు 2,33,571 ఓట్లు వచ్చాయి. అదీ ఇద్దరు సభ్యుల నియోజకవర్గమే. అలాంటి చోట్ల ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి కనుక, ఆనాటి ఓట్ల సంఖ్యలను తర్వాతి కాలపు ఏకసభ్య నియోజకవర్గాలతో పోల్చకూడదు. నెహ్రూతో పోలిక మాత్రం న్యాయమైనదే.

ఈ గెలుపు వెనుక ఆనాటి లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. అణా చీటీతో సంఘంలో చేరిన కుటుంబాలు, వెట్టి నుంచి బయటపడిన కులాలు, రజాకార్ల దాడుల్లో నష్టపోయిన ఊళ్లు, భూమి దక్కించుకుని మళ్లీ పోగొట్టుకున్న రైతులు ఒక్కటై ఓటు వేశారు. అంతకుముందు వీరిలో చాలామందికి పరిపాలనలో ఏ విధమైన మాటా లేదు. మద్రాసు రాష్ట్రంలోని జిల్లాల్లా పరిమిత ఓటు మెట్లెక్కి రాలేదు. ఒక్కసారిగా వయోజన ఓటు హక్కు వచ్చింది. మొదటిసారి ఓటు చేతికందిన రైతు, సంఘం నాయకుడికే దాన్ని వేశాడు.

రాష్ట్రంలో 175 శాసనసభ స్థానాల్లో కాంగ్రెసుకు 93, పీడీఎఫ్‌కు 42 వచ్చాయి. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు, వి.డి. దేశ్‌పాండే ప్రతిపక్ష నాయకుడయ్యారు. లోక్‌సభకు పీడీఎఫ్ నుంచి ఏడుగురు వెళ్లారు. కరీంనగర్ నుంచి బద్దం ఎల్లారెడ్డి, మెదకు నుంచి జయసూర్య వారిలో ఉన్నారు. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు ఎన్నికయ్యారు. ఒకప్పుడు ఆంధ్ర మహాసభ వేదిక మీద కలిసి కూర్చున్న బూర్గుల, రావి ఇప్పుడు అధికార పక్షంలో ఒకరు, ప్రతిపక్షంలో ఒకరు అయ్యారు.

చట్టసభల్లో

మొదటి లోక్‌సభలో (1952–57) కమ్యూనిస్టులు, వారి మిత్రులు కాంగ్రెసు తర్వాత పెద్ద బృందంగా కూర్చున్నారు. నారాయణరెడ్డి ఆ బృందంలో హైదరాబాదు గొంతుగా నిలిచారు.

భూమి సమస్య అప్పటి చట్టాల్లో నలుగుతోంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదారుకు భూమి మీద హక్కు ఇచ్చింది. కాగితం మీద బలమైన చట్టమే గాని, దాన్ని ఊళ్లో అమలు చేయవలసింది పట్వారీ. తమ పేరు రికార్డులో ఎక్కకముందే భూమి విడిచిపెట్టినట్టు రాసిచ్చిన కౌలుదారులు ఎందరో. పోరాటం తెచ్చిన ఒత్తిడి లేకుండా ఈ చట్టం ఇంత త్వరగా రాదన్నది మాత్రం చరిత్రకారుల్లో చాలామంది ఒప్పుకునే మాట.

1956 నవంబరు 1న తెలంగాణ జిల్లాలు ఆంధ్ర రాష్ట్రంతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కమ్యూనిస్టు పార్టీ విశాలాంధ్ర విధానానికి నారాయణరెడ్డి కట్టుబడ్డారు. 1957 ఎన్నికల్లో ఆయన భువనగిరి నుంచి మళ్లీ శాసనసభకు వెళ్లారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఆ ఏడు దేవులపల్లి వెంకటేశ్వరరావు గెలిచారు. ఢిల్లీ పార్లమెంటు చూసి వచ్చిన నాయకుడు తాలూకా స్థాయి సమస్యల కోసం రాష్ట్ర శాసనసభలో కూర్చున్న ఘట్టమది. నల్లగొండ రైతుకు కావలసిన చట్టాలు చాలావరకు రాష్ట్ర పరిధిలోనివే కనుక ఆ సభకు ఉన్న ప్రాధాన్యం తక్కువ కాదు.

1962లో భారత కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థిగా నల్లగొండ నుంచి మూడో లోక్‌సభకు ఎన్నికై, 1967 వరకు కొనసాగారు. ఆ కాలంలోనే చైనా సరిహద్దు యుద్ధం, పార్టీలో సిద్ధాంత విభేదాలు వచ్చాయి. 1964లో పార్టీ రెండుగా చీలినప్పుడు ఆయన సీపీఐలోనే ఉండిపోయారు. తెలంగాణ పోరాట సహచరుల్లో పుచ్చలపల్లి సుందరయ్య, భీమిరెడ్డి నరసింహారెడ్డి, మల్లు స్వరాజ్యం సీపీఎంలో చేరారు. దేవులపల్లి వెంకటేశ్వరరావు ఇంకా ఎడమకు జరిగి విప్లవ కమ్యూనిస్టుల దారి పట్టారు. 1940లలో ఒకే పార్టీలో నడిచిన వాళ్లు 1960ల చివరికి మూడు పార్టీల్లో ఉన్నారు.

రచనలు

‘నగ్న సత్యాలు’ తర్వాత ఆయన ప్రధాన రచన ‘వీర తెలంగాణ: నా అనుభవాలు, జ్ఞాపకాలు’. దీని ఆంగ్ల రూపాన్ని సీపీఐ 1973లో ఢిల్లీ నుంచి ప్రచురించింది. తెలంగాణ పోరాట చరిత్రను చదివేవారికి మూడు పుస్తకాలు తప్పనిసరి. సుందరయ్య రాసిన పోరాట చరిత్ర ఒకటి, దేవులపల్లి రాసినది ఇంకొకటి, రావి జ్ఞాపకాలు మూడోది. 1948 తర్వాత పోరాటం కొనసాగాలా వద్దా అన్న దగ్గర ఈ మూడు పుస్తకాలూ మూడు దిక్కులుగా నడుస్తాయి. ఏ ఒక్కదాన్నీ ఒంటరిగా చదివితే చిత్రం సగమే కనబడుతుంది.

సమీక్ష

నారాయణరెడ్డిని మెచ్చేవారు, విమర్శించేవారు ఇద్దరూ ఆయన స్వభావంలోని ఒక లక్షణాన్ని గుర్తిస్తారు. తాను నమ్మినది మారితే, మారిందని బయటికి చెప్పేవారు. కాంగ్రెసు సత్యాగ్రహం నుంచి కమ్యూనిస్టు పార్టీకి, తుపాకీ నుంచి ఓటుకు మళ్లిన రెండు సందర్భాల్లోనూ ఆయన చాటుగా నడవలేదు. రెండోసారి దీనికి మూల్యం చెల్లించారు. సహచరుల్లో అనుమానం, వర్గాల మధ్య దూరం చాలా కాలం మిగిలిపోయాయి.

ఆయన మీద వచ్చే ముఖ్య విమర్శ, పోరాటం అణచివేతకు గురవుతున్న వేళ అంతర్గత విభేదాన్ని బహిరంగం చేయడం ప్రత్యర్థికి ఉపయోగపడిందన్నది. ఇది తోసిపుచ్చదగిన విమర్శ కాదు. అయితే 1952 ఫలితం ఆయన వాదనకు బలం చేకూర్చింది. సాయుధంగా గెలవలేని ప్రజలు ఓటుతో నల్లగొండలో కాంగ్రెసును ఓడించారు. భూస్వామ్యాన్ని ఎదిరించిన పల్లెలు సంఘం అలవాటు చేసిన ఐక్యతను చట్టసభ వరకు మోసుకెళ్లాయి. నల్లగొండ జిల్లా తర్వాతి మూడు దశాబ్దాలు వామపక్షాల కంచుకోటగా నిలవడానికి మూలం అక్కడే ఉంది. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి మల్లు స్వరాజ్యం గెలవడం కూడా ఆ కొనసాగింపులో భాగమే.

ఆయన సాధనలో లోటు కూడా ఉంది. భూమి పంపిణీని చట్టం రూపంలో నిలబెట్టే అధికారం ఏనాడూ ఆయన చేతికి రాలేదు. మంత్రి కాలేదు, జీవితమంతా ప్రతిపక్షంలోనే గడిపారు. పోరాటంలో పంచిన భూముల్లో ఎక్కువ భాగం 1948 తర్వాత దొరల చేతికి తిరిగి వెళ్లింది. వెట్టి పోయింది, దొర గడీ ముందు తలవంచి నిలబడే అలవాటు పోయింది. భూమి మాత్రం అనుకున్నంతగా చేతులు మారలేదు.

మరణం, స్మారకాలు

నారాయణరెడ్డి 1991 సెప్టెంబరు 7న మరణించారు. మరుసటి ఏడు ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది. ఒకప్పుడు అజ్ఞాతంలో తిరిగిన మనిషికి దేశపు రెండో అత్యున్నత పౌర పురస్కారం రావడం ఆయన రాజకీయ ప్రస్థానం ఎంత దూరం సాగిందో చెబుతుంది. హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఆయన పేరున స్మారక సభా భవనం ఉంది. సాహిత్య సభలు, కార్మిక, రైతు సంఘాల సమావేశాలు అక్కడ తరచుగా జరుగుతుంటాయి.

ఆయన ప్రాతినిధ్యం వహించిన పాత నల్లగొండ నియోజకవర్గం తర్వాత చాలాసార్లు విడిపోయింది. 2008 పునర్విభజనలో భువనగిరి ప్రత్యేక లోక్‌సభ స్థానమైంది. చిట్యాల మండలం నల్లగొండ జిల్లాలోనే ఉన్నా, నకిరేకల్ శాసనసభ స్థానం ద్వారా భువనగిరి లోక్‌సభ పరిధిలోకి వస్తుంది. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణతో బొల్లేపల్లి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. ఈ ప్రాంతంలో ఓటు హక్కు ఎప్పుడు, ఎలా వచ్చిందని అడిగేవారు భువనగిరి మహాసభ నాటి అణా చీటీ నుంచి 1952 ఓటు దాకా ఉన్న ఎనిమిదేళ్ల చరిత్రను ఒక్కటిగా చదవాలి. ఆ ఎనిమిదేళ్లకు మొదటా చివరా నాయకుడిగా కనిపించేది రావి నారాయణరెడ్డే.